నాలుగు తరాల చుట్టాలు, ఒకే హాలు: షష్టిపూర్తి సాయంత్రం పాటలు ఎలా పెట్టాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. హనుమకొండలో నాన్నగారి షష్టిపూర్తి. ఫంక్షన్ హాల్లో 150 మంది, సాయంత్రం ఆరు నుంచి మూడున్నర గంటలు. నానమ్మగారికి 82 ఏళ్లు, అమెరికా నుంచి అక్క పిల్లలు వస్తున్నారు. పోయిన ఫంక్షన్లో డీజే మొదలవగానే పెద్దవాళ్లు లేచి వెళ్లిపోయారు, పాత పాటలు పెట్టగానే కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని బయటికి నడిచారు. అందుకని అందరికీ నచ్చే పాటల లిస్టు కావాలన్నారు.

పాటల సంగతి చెబుతాను. అయితే దానికంటే ముందు శబ్దం సంగతి తేల్చాలి. ఇలాంటి ఫంక్షన్లలో పెద్దవాళ్లు లేచిపోవడానికి చాలాసార్లు పాట కారణమే కాదు. అదే పాట ఇంట్లో టీవీలో వస్తే కూర్చుని వింటారు. హాల్లో కూర్చోలేకపోవడం చెవి సమస్య.

వయసు పైబడ్డాక వినికిడి పైస్థాయి (సన్నని, కీచు శబ్దాలు) నుంచి తగ్గుతూ వస్తుంది. అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి బాగానే వినిపిస్తాయి. స, శ, త, క, ప లాంటి హల్లుల పదును 2,000 హెర్ట్జ్ (స్థాయిని కొలిచే లెక్క) పైన ఉంటుంది, అది పోతుంది. అంటే నానమ్మగారికి రాగం వినిపిస్తుంది గానీ మాట అందదు. దానికి బేస్ (కింది స్థాయి దరువు) తోడైతే మిగిలిన మాట కూడా అందులో మునిగిపోతుంది. ఇంకో చిక్కుంది: వయసు పైబడిన చెవికి మెల్లని శబ్దం వినపడదు, కానీ గట్టి శబ్దం కుర్రాళ్ల చెవికంటే ఎక్కువ బాధ పెడుతుంది. ఈ రెండింటి మధ్య జాగా వాళ్లకు చాలా ఇరుకు. అందుకే ‘వినపడట్లేదు’ అన్న మనిషే సౌండ్ పెంచగానే ‘తగ్గించండిరా’ అంటారు. అది చాదస్తం కాదు.

ఇప్పుడు మన హాళ్లలో పెద్దవాళ్లను ఎక్కడ కూర్చోబెడతామో చూడండి. మర్యాద కోసం మొదటి వరుస సోఫాల్లో. సౌండ్ అతను పెద్ద బాక్సులు పెట్టేది స్టేజీకి అటూ ఇటూ, సరిగ్గా ఆ సోఫాలకు ఎదురుగా, ఆరేడు అడుగుల దూరంలో. వెనక వరుసకు వినపడాలని వాల్యూమ్ పెంచితే ముందువరుసకు చెవులు చిల్లులు పడతాయి. పోనీ అని సోఫాలను వెనక మూలకు జరిపితే అది ఇంకా తప్పు, ఎందుకంటే బేస్ మూలల్లో పోగవుతుంది. అక్కడ మాట తక్కువ, గుండెల మీద దరువు ఎక్కువ.

మీ హాలుకు రెండు పెద్ద 15 అంగుళాల బాక్సుల బదులు నాలుగు 10 లేదా 12 అంగుళాల బాక్సులు అడగండి. రెండు స్టేజీ దగ్గర, రెండు హాలు మధ్యలో పక్కగోడల వెంట. స్టాండ్ల మీద, బాక్సు మధ్యభాగం ఏడడుగుల ఎత్తులో ఉండి కొంచెం కిందికి వంగి ఉండాలి. మధ్య బాక్సులకు డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే అమరిక) పెట్టమనండి: శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి ముందు బాక్సుకూ మధ్య బాక్సుకూ 15 మీటర్లుంటే 44 మిల్లీసెకన్లు. అది పెట్టకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. సబ్ వూఫర్ (బేస్ కోసమే ఉండే బాక్సు) డ్యాన్స్ చేసే చోటు దగ్గర మాత్రమే ఉండాలి. పెద్దవాళ్ల కుర్చీలు హాలు మధ్య నుంచి కొంచెం ముందుగా, ఒక పక్కకు, ఏ బాక్సుకూ ఎదురుగా కాకుండా, గోడకు కనీసం ఆరడుగులు ఎడంగా వేయించండి. చంటిపిల్లల తల్లులకూ అదే చోటు.

ఎంత శబ్దం అన్నదానికి లెక్క ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు చెవికి పరిమితి. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. మూసిన హాల్లో డీజే వదిలితే 100 దాటడం మామూలే. మీ సాయంత్రానికి: భోజనాల వేళ 65 నుంచి 70, పాటలు పాడేటప్పుడు 75 నుంచి 80, డ్యాన్స్ చేసే చోట 90 నుంచి 92, ఆ సమయంలో పెద్దవాళ్ల కుర్చీల దగ్గర 80 లోపు. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి గానీ హాల్లో గోడలు తిరగ్గొడతాయి కాబట్టి అంత తగ్గదు. అందుకని డ్యాన్స్ పాటలకు హాలంతటి బాక్సులూ వాడకుండా, డ్యాన్స్ చేసే చోటుకు దగ్గరగా, దానివైపే తిరిగిన రెండు బాక్సులు చాలనండి. ఐఫోన్ ఉంటే అమెరికాలో పనిచోట ఆరోగ్యం సంగతి చూసే నియోష్ సంస్థ వాళ్ల ఉచిత సౌండ్ మీటర్ ఆప్‌తో కొలవచ్చు. లేకపోతే ఒక గుర్తు: చేయి చాపితే అందే దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే.

మైకుల విషయంలో రెండే మాటలు. ఎకో బాగా తగ్గించాలి. టైల్స్ నేల, ఖాళీ గోడలున్న హాలు తనంతట తానే మోగుతుంది, దానికి మిక్సర్ ఎకో కలిస్తే పాటలో సాహిత్యం పిండి అయిపోతుంది. పాడే గొంతు వాద్యాల కంటే 6 డెసిబెల్స్ పైన ఉండాలి, గొంతు మైకుల్లో 100 హెర్ట్జ్ కింద కోసేయాలి. వెనకగోడకు మందపాటి తెరలు కట్టించగలిగితే పూల అలంకరణ కొంత తగ్గించి అయినా కట్టించండి.

ఇక పాత పాటలు ‘సరిగా రావట్లేదు’ అనే ఫిర్యాదు. దీని వెనక తరచూ ఉండేది ఒక వైరు. ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒకే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుకు (మైకులకు వాడే గుండ్రటి పిన్ను) పోయే వైరును మిక్సర్ మైకు ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. ఆ ఇన్‌పుట్ ఎడమ, కుడి చానెళ్లను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. కొత్త పాటల్లో గాయకుడి గొంతు రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి గొంతు మాయమై వాద్యాలు మిగులుతాయి. మోనోలో (ఒకే చానెల్‌గా) రికార్డయిన 1950లు, 60ల పాటల్లో మొత్తం పాటే రెండు చానెళ్లలో సమానంగా ఉంటుంది, కాబట్టి దాదాపు ఏమీ మిగలదు. ‘పాత రికార్డింగులు అంతే సార్’ అని ఆపరేటర్ తేల్చేస్తాడు, పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కావలసింది ఒక చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర విడివిడిగా రెండు మోనో పిన్నులు ఉన్న వైరు. ఆ రెండింటినీ రెండు లైన్ చానెళ్లలో పెట్టాలి. ముందురోజే ఒక 1950ల పాట పెట్టి చూడండి, తప్పుంటే పది సెకన్లలో తెలిసిపోతుంది.

రెండోది లౌడ్‌నెస్. ఇప్పటి పాటలు మాస్టరింగ్‌లోనే (పాట తయారీ చివరి దశలోనే) బాగా గట్టిగా నొక్కి వస్తాయి, పాతవి మెత్తగా ఉంటాయి. పాతది వినపడక వాల్యూమ్ పెంచుతారు, తర్వాత వచ్చే కొత్త పాట నెత్తిన పిడుగులా పడుతుంది. ఆ ఒక్క క్షణంలో సగం మంది పెద్దవాళ్ల మనసు విరిగిపోతుంది. పాటలన్నీ ముందే ఫైళ్లుగా దగ్గర పెట్టుకుని, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో అన్నిటినీ మైనస్ 18 లఫ్స్‌కు (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తీసుకురండి. కొత్తవాటిని కిందికి దించాలి, పాతవాటిని బలవంతంగా పైకి లాగితే చీలిపోతాయి. తగ్గిన శబ్దం మిక్సర్‌లో పెంచుకోవచ్చు. పాత పాటలకు 80 హెర్ట్జ్ కింద కోసి, 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ పెంచమనండి. సబ్ వూఫర్‌ను ఆ సమయంలో ఆపేయాలి, అందులో వచ్చేది సంగీతం కాదు, పాత టేపు మోత. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. మంగళహారతి మధ్యలో యూట్యూబ్ ప్రకటన రాకూడదు కదా.

ఇప్పుడు పాటలు. పేర్లు నేను చెప్పడం కంటే మీ ఇంటి నుంచే రావాలి. నేను ఏళ్లు చెబుతాను.

ఎవరికైనా పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య విన్న పాటలు గట్టిగా పాతుకుంటాయి. ఇది చాలామందికి తెలిసిందే. తక్కువమందికి తెలిసింది ఇంకొకటుంది: పిల్లలకు తమ తల్లిదండ్రుల యవ్వనంలోని పాటల మీద కూడా మమకారం ఉంటుంది. 2013లో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే పరిశోధకులు అమెరికాలో ఇరవై ఏళ్ల వయసువాళ్ల మీద చేసిన అధ్యయనంలో, సొంత కాలపు పాటలతోపాటు తల్లిదండ్రుల యవ్వనకాలపు పాటల దగ్గర కూడా జ్ఞాపకాలు, ఇష్టం పెరగడం కనిపించింది. ఇంట్లో, కారులో చిన్నప్పటి నుంచి విన్నవి మరి.

దీన్ని మీ ఇంటికి అన్వయిస్తే: నానమ్మగారి యవ్వనం 1958 నుంచి 68. నాన్నగారు వాటిని చిన్నప్పుడు రేడియోలో విన్నారు. కాబట్టి ఆ పదేళ్ల పాటలు 82నూ 60నీ కలుపుతాయి. నాన్నగారి యవ్వనం 1980 నుంచి 90, అది ఆయన్నూ మీ అక్కనూ మిమ్మల్నీ కలుపుతుంది. మీ అక్క వయసువాళ్లవి 2002 నుంచి 2012, అవి మిమ్మల్నీ మీ మేనకోడళ్లనూ కలుపుతాయి. ఒక్క పాట నాలుగు తరాలనూ కలపాలని వెతక్కండి, అలాంటివి ఏ ఇంట్లోనైనా రెండో మూడో ఉంటాయి. పక్కపక్క తరాలను కలిపే పాటలను గొలుసుగా పేర్చండి. ఒక్కో కాలం నుంచి ఎనిమిది చొప్పున తీసుకుంటే 24, ఈ ఏడాదివి ఆరు. మొత్తం 30, ఒక్కోటి నాలుగు నిమిషాలనుకుంటే రెండు గంటలు. మిగిలిన సమయం సన్నాయి, హారతి, ఇంటివాళ్ల పాటలు. పేర్ల కోసం నాలుగు తరాల నుంచి ఒక్కొక్కరిని ‘మీ పెళ్లికి ముందు రోజూ విన్న పాట ఏది?’ అని అడగండి. పిల్లలను మాత్రం ‘అమ్మ కారులో ఏది పెడుతుంది?’ అని అడగాలి. ‘మీకిష్టమైన పాటేది’ అంటే పెద్దవాళ్లు భక్తి పాటలు చెబుతారు, కుర్రాళ్లు నిన్న వచ్చినవి చెబుతారు.

‘మా కాలం పాటలే పాటలు’ అనే పెద్దవాళ్లుంటారు. వాళ్లతో వాదన వద్దు గానీ చరిత్ర ఒకటి గుర్తుంచుకోవడం మంచిది. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు వెళ్లిపోయాయి, అవి అభిరుచిని చెడగొడతాయని. జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కు తిరిగారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలైంది. ఇవాళ మనం ఆణిముత్యాలంటున్నవాటిలో చాలా పాటలు ఆ రోజుల్లోవే. హార్మోనియం కూడా 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో నిషిద్ధమే. తన ముందుతరం ముఖం చిట్లించని సంగీతం ఏ తరానికీ దొరకలేదు.

పెట్టకూడనివి చెప్పాలి. ఘంటసాల భగవద్గీత మీద నానమ్మగారి తరానికి ఎంతో భక్తి, తెల్లవారుజామున వినేవాళ్లు. కానీ చాలా ఏళ్లుగా చావు ఇళ్ల దగ్గర, అంతిమయాత్ర బండి మీద అదే మోగుతోంది. ఇప్పటి పిల్లలకు ఆ గొంతులో శ్లోకం వినగానే ఎవరో పోయారనిపిస్తుంది. ఒకే రికార్డు ఒక తరానికి ఉదయం, ఇంకో తరానికి మరణం. శుభకార్యంలో వద్దు. పాత పాటల రీమిక్సులూ వద్దు: వాటివల్ల రెండు తరాలూ ఒక్కటవుతాయని అనుకుంటారు గానీ, చరణాలు కోసేసి పల్లవినే నాలుగుసార్లు తిప్పడం పాత పాట తెలిసినవాళ్లకు కష్టంగా ఉంటుంది, దరువు కోసం వచ్చిన కుర్రాళ్లకు అసలైన కొత్త పాటే నయం. ద్వంద్వార్థాల పాటలను డ్యాన్స్ లిస్టులోంచి కూడా తీసేయండి. తాతయ్య పక్కన నిలబడి ఆ మాటలు వినాల్సి రావడం కుర్రాళ్లకే ఎక్కువ ఇబ్బంది.

ఇంతవరకూ వినడం. తరాలు నిజంగా దగ్గరయ్యేది పాడినప్పుడు. బతుకమ్మ ఆటలో చూడండి: ఒకరు పాట చెబుతారు, మిగతావాళ్లు ప్రతి వరుస చివరా ‘ఉయ్యాలో’ అందుకుంటారు, చప్పట్లతో అడుగు వేస్తారు. చెప్పేది అరవై ఏళ్ల ఆమె కావచ్చు, అందుకునేది ఆరేళ్ల పిల్ల కావచ్చు, పాట రాకపోయినా వంతు ఉంటుంది. అదే చోట మధ్యలో డీజే బాక్సు పెట్టిన కాడ అడుగు మిగిలింది, గొంతు పోయింది. పాట ఎరిగిన పెద్దామె వెళ్లి కుర్చీలో కూర్చుంటోంది. మీ హాల్లో కూడా కనీసం మూడు పాటలు ఇలా చెప్పి అందుకునేవి ఉండాలి: కోలాటం పాట, నామ సంకీర్తన, ఇంటి జానపదం, ఏదైనా సరే.

ఇక్కడ బోల్తా కొట్టేది శ్రుతి దగ్గర. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో (కీబోర్డు మీద సి, సి షార్ప్) పాడతారు, ఆడవాళ్లు అయిదు, అయిదున్నరలో (జి, జి షార్ప్). ఎవరో ఒకరి శ్రుతిలో ఎత్తుకుంటే మిగతా సగం మంది రెండో వరుసకే ఆగిపోతారు, ‘మాకు రాదు’ అంటారు. అందరూ కలిసి పాడేటప్పుడు నియమం ఒకటే: పాటలో అన్నిటికంటే పైస్వరం కీబోర్డు మీద డి, అంటే రెండో శ్రుతి షడ్జమం (స) దాటకూడదు. మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి తారషడ్జమం (పైస్థాయి స) దాకా నడిచే పాటైతే శ్రుతి రెండు పెట్టండి. మధ్య షడ్జమంలో మొదలై తారస్థాయి అంతర గాంధారం (పైస్థాయి గ) తాకే పాటైతే ఆరున్నర. మగ, ఆడ గొంతులు ఒక స్థాయి తేడాతో హాయిగా కలుస్తాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు బాగా కిందికి దిగలేరు కాబట్టి వాళ్లతో పాడించేది కిందికీ పైకీ ఎక్కువ పాకని పాటే అవ్వాలి. నానమ్మగారు ఒక్కరే పాడితే ఈ లెక్క వదిలేయండి. పెద్ద వయసులో ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది, చిన్నప్పుడు అయిదున్నరలో పాడిన మనిషి ఇప్పుడు మూడు, నాలుగులో ఉండవచ్చు. ఇంట్లో ఆవిడ తనంతట తాను కూనిరాగం తీసినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి కీబోర్డు అతనికి పంపండి, ఆ శ్రుతిలోనే వాయించమనండి.

కరోకే (గొంతు లేని వాద్యాల ట్రాక్) అయితే శ్రుతిని రెండు మూడు అరస్వరాల (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల) కంటే ఎక్కువ జరిపితే వాద్యాల ధ్వని వికారంగా మారుతుంది. సినిమా యుగళగీతాల్లో ఇద్దరూ ఒకే శ్రుతిలో పాడతారు కాబట్టి ఆడగొంతు బాగా పైన ఉంటుంది. ఇంట్లో పాడేవాళ్లకు రెండు అరస్వరాలు దించి పెట్టండి.

మంగళహారతిని ఈ సాయంత్రానికి వెన్నెముక చేయండి. అది ఎటూ ఇంటి ఆడవాళ్లు పాడేదే, ఎవరూ ‘ఇదెందుకు’ అనరు. నెల ముందు నుంచే నానమ్మగారి చేత రోజుకు రెండు పంక్తులు వాట్సాప్ వాయిస్‌లో పాడించి అమెరికాలో ఉన్న మునిమనవరాళ్లకు పంపండి, వాళ్లు తిరిగి పాడి పంపాలి. ఎనిమిది పంక్తుల పాటకు నాలుగు రోజులు నేర్చుకోవడం, మిగిలిన రోజులు కలిపి పాడుకోవడం. వీడియో కాల్‌లో కలిసి పాడించాలని చూడకండి, శబ్దం ఆలస్యంగా చేరి ఇద్దరికీ లయ తప్పుతుంది. పాటల కాగితం రెండు రకాలు వేయించండి: పెద్దవాళ్లకు తెలుగులో 20 పాయింట్ల అక్షరాలు, తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంగ్లిష్ లిపిలో అదే పాట.

ఒక కట్టుబాటు ముందే చెప్పుకోండి: పిల్లలు పాడేటప్పుడు మైకు దగ్గర ఎవరూ తప్పులు దిద్దకూడదు. ‘ళ’ పలకలేదని నలుగురూ నవ్వితే ఆ పిల్ల మళ్లీ ఇరవై ఏళ్లు తెలుగు పాట జోలికి రాదు. దిద్దడాలు ఆ నెల రోజుల వాయిస్ మెసేజ్‌ల్లోనే అయిపోవాలి. పెద్దవాళ్లకూ ఒక హద్దు: మనిషికి ఒక పాట, పల్లవి, రెండు చరణాలు.

సమయాల వరుస ఇలా పెట్టుకోవచ్చు. ఆరింటికి సన్నాయి. సన్నాయి, డోలుకు మైకు అక్కర్లేదు, హాలు మొత్తం వాటికవే నింపుతాయి. ఆరూ నలభైకి హారతి, ఆ వెంటనే ఇంటివాళ్ల పాటలు, గంట. పెద్దవాళ్లకు ఓపిక ఉన్న సమయం ఇదే. ఏడూ నలభైకి భోజనాలు, తక్కువ శబ్దంలో 1958-68 పాటలు. ఎనిమిదిన్నరకు డ్యాన్స్, 1980ల పాటలతో మొదలుపెట్టి క్రమంగా కొత్తవాటికి రావాలి. నాన్నగారి తరం మొదటి రెండు పాటలకు అడుగు కలిపితే ఆ తర్వాత కొత్తవాటికి కూడా అక్కడే ఉంటారు. మొదటే ఈ ఏడాది పాట పడితే వాళ్లు ఇక లేవరు. తీన్మార్ పెట్టదలిస్తే హాల్లో వద్దు, మూసిన గదిలో డప్పు, తాషా శబ్దం భరించలేం. వాకిట్లో పది నిమిషాలు పెట్టండి. వయసుతో పనిలేకుండా అందరి కాళ్లూ ఆడే దరువు మన దగ్గర అదే. ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి పది తర్వాత అనుమతి లేదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం. మూసిన హాలుకు మినహాయింపు ఉంది గానీ తొమ్మిదిన్నరకే ముగించడం నయం.

డీజేనా, ఆర్కెస్ట్రానా అని కూడా అడిగారు. నన్నడిగితే పూర్తి ఆర్కెస్ట్రా వద్దు. ఒక కీబోర్డు, ఒక తబలా లేదా ఢోలక్, పాటల సెషన్ వరకు. శ్రుతి అప్పటికప్పుడు మార్చగలిగేది, పాడేవాళ్లు ఒక వరుస మరిచిపోతే ఆగి అందుకోగలిగేది మనిషే, ట్రాక్ కాదు. ఆ తర్వాత గంటకు డీజే. మాట్లాడుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోండి: నాలుగు చిన్న బాక్సులు, డిలే, పెద్దవాళ్ల కుర్చీల దగ్గర 80 డెసిబెల్స్ హద్దు, లిస్టులో లేని పాట పెట్టాలంటే మీ ఇంట్లో ఒక్కరి మాటే చెల్లుతుందని. ఆ ఒక్కరు డ్యాన్స్ చేసే కుర్రాడు కాకూడదు, మీ అక్క అయితే సరిపోతుంది. ఆవిడకు అటు నాన్నగారి పాటలూ తెలుసు, ఇటు పిల్లల పాటలూ తెలుసు.